మూసీ టైగర్ పెండ్లాం పేరు

ఆ రోజుల్లో మా దిక్కు ఒక మనిషి ఎలాంటివాడో తెలియాలంటే జాతకం చూడనక్కర్లేదు, వాడి ఫోన్‌లోని మెమరీ కార్డు తీసి చూస్తే సరిపోయేది. తెలంగాణ వచ్చిన కొత్త. ఇంటర్నెట్ ఇంకా అందరి చేతికీ రాలేదు. వచ్చినా, మా రామన్నపేటకు చుట్టపుచూపుగా వచ్చి, మంచినీళ్లన్నా తాగకుండా వెళ్లిపోయేది. పాటలు కావాలంటే మొబైల్ షాపుకు పోయి కార్డులో ఎక్కించుకోవాలి. మాల వేసుకున్నవాళ్లు దేవుడి పాటలు ఎక్కించుకునేవారు, ఉద్యమంలో తిరిగినవాళ్లు ఉద్యమ పాటలు ఎక్కించుకునేవారు, ప్రేమలో దెబ్బతిన్నవాళ్లు ఏవి ఎక్కించుకునేవారో నేను చెప్పనక్కర్లేదు. నా కార్డులో మాత్రం తొంభైలలో అమెరికాలోని నల్లజాతి కుర్రాళ్లు పాడిన ర్యాప్ పాటలుండేవి. అవి తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఇది చదివి మీరు అప్పుడే "అబ్బో" అనకండి. కథ చివరికి వచ్చేసరికి మీరు అనబోయే మాట అది కాదు.

నా పని అప్పట్లో మోటర్ల వైండింగ్. ఐటీఐ అయిపోయాక బస్టాండు వెనక ఒక చిన్న మడిగె కిరాయికి తీసుకుని, రైతుల బోరుమోటర్లు కాలిపోతే పాత తీగ పీకి కొత్త రాగి తీగ చుట్టేవాడిని. పక్క మడిగెలో మొబైల్ షాపు. దాని ఓనర్ నా చిన్ననాటి దోస్తు, మసీదు గల్లీ వాడు. పెండ్లిళ్లకు డీజే కూడా నడిపేవాడు కనక వాడిని ఊరంతా రీమిక్స్ అనేది. (వాళ్లమ్మ కూడా, "మా రీమిక్స్ అన్నం తిన్నడా బేటా?" అని నన్నే అడిగేది.) వాడి చిన్నాయన కొడుకు దుబాయి నుంచి వస్తూ ఒక లాప్‌టాప్ తెచ్చాడు. అందులో ఎవరో ఎక్కించిన పాటల పెట్టె ఒకటి దొరికింది. రీమిక్స్ దాన్ని నా కార్డులో పడేసి, "ఇను భయ్, మంచిగ లేకుంటే తీసేస్త" అన్నాడు. ఆ పాటలు తీసేయమని నేను ఎన్నడూ అడగలేదు.

మొదటిసారి విన్నప్పుడు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. పాట మొదలు కాకముందే చిటపట చిటపట, పొయ్యిలో పచ్చి కట్టె పెట్టినట్టు. ఫోన్ పాడైందనుకున్నాను. కాదట, పాత రికార్డు మీద ముల్లు తిరిగే చప్పుడట, దాన్ని కావాలనే ఉంచుతారట. ఆ వెనకే ఎండిన తోలు మీద కొట్టినట్టు ఒక డ్రమ్ము, దాని అడుగున పొట్టలో తగిలే బేసు. ఎవరో పెద్దమనిషి ఎప్పుడో పాడుకున్న పాటలోంచి చిన్న ముక్క కోసుకొచ్చి, దాన్నే తిప్పి తిప్పి, దాని మీద కొత్త మాటలు పెంచుతారు. మా నల్లగొండ బత్తాయికి అంటు కట్టినట్టే, వేరు ఒకరిది, కాయ ఇంకొకరిది. ఇక ఆ గొంతు! దరువు మీద సరిగ్గా అడుగు వేయడు మహానుభావుడు. బస్సు కదిలాక ఎక్కేవాడిలా కొంచెం ఆలస్యంగా వస్తాడు, తప్పిపోయాడురా అని మనం కంగారు పడేలోపే కమ్మీ పట్టుకుని లోపల నిలబడి ఉంటాడు. ప్రాస లైను చివర ఒక్కటే కాదు, నడుమ కూడా కలుస్తుంది, కలిసి పక్క లైనుకు చేయి అందిస్తుంది. నేను ఆ దరువుకే రాగి తీగ చుట్టేవాడిని. చుట్లు తప్పేవి కావు. "నువ్వు చుట్టిన మోటరు జల్ది కాలదిరా" అని రైతులు మెచ్చుకునేవారు. ఆ మెప్పులో సగం ఎవరిదో నాకొక్కడికే తెలుసు.

మెల్లగా డిక్షనరీ పెట్టుకుని అర్థాలు కూడా పట్టాను. సగం తప్పు పట్టానని తర్వాత తెలిసింది, అది వేరే సంగతి. కానీ ఒకటి మాత్రం సరిగ్గా పట్టాను. వాళ్లు ముందుగా తమ పేరు చెప్తారు, తర్వాత తమ గల్లీ పేరు చెప్తారు. మేడమెట్ల మీద కూర్చున్న దోస్తుల గురించి, లేమిలో పెంచిన అమ్మ గురించి, పోలీసు ఆపిన మూలమలుపు గురించి, ఇంట్లో మాట్లాడుకునే భాషలోనే చెప్తారు, సిగ్గుపడరు. నల్లగొండలో చదివేటప్పుడు నేను "గట్ల కాదు సార్" అంటే మా సారు నా యాసను వెక్కిరించి క్లాసంతా నవ్వించేవాడు. అలాంటి నాకు, ఎక్కడో సముద్రాల అవతల ఒకడు తన ఇంటి మాటను అంత ధీమాగా మైకులో పెట్టడం వింటే గుండె నిండినట్టు ఉండేది. ఆ పాటల మీద నాకున్న ఇష్టం నిజమైనదే. ఆ ఇష్టంతో నేను చేసిన పనికే ఇప్పటికీ తల ఎత్తుకోలేను.

ఆ పాటల్లో తూర్పు తీరం వాళ్లకూ పడమటి తీరం వాళ్లకూ పెద్ద తగాదా. నేను తూర్పు. మసక చీకటి మెట్లు, బరువైన మాట, చలికాలం లాంటి పియానో. రీమిక్స్ పడమర. ఎండ, సాగదీసిన బేసు, ఈల లాంటి సంగీతం, ఎగిరెగిరి పడే కార్లు. రోజూ చాయ్ హోటల్ ముందు ఇదే పంచాయితీ. "తూర్పు ముందర పడమర నిలుస్తదిరా?" అని నేను, "పడమటోళ్లు లేకుంటే మీ తూర్పును ఎవడు దేకుతడు భయ్?" అని వాడు. ఒకరోజు మాటామాటా పెరిగి కాలర్ల దాకా వచ్చింది. బెంచీ మీదున్న పాత సర్పంచి లేచి, "ఆగుండ్రిరా! జాగ ఎంతుంది? కొలిపిద్దాం. హద్దురాళ్లు ఉన్నయా, పీకిండ్రా?" అని మధ్యలో నిలబడ్డాడు. అమెరికా సంగతి అని చెప్పలేక ఇద్దరం తలలు వంచుకుని చాయ్ తాగాము.

అన్నిటికంటే నన్ను పాడు చేసినవి స్టేజీ వీడియోలు. పాత క్యాసెట్లలోంచి తీసినవి, మొహాలు సరిగ్గా కనబడవు. ఒక్క మనిషి, చేతిలో మైకు, వెనక తిరిగే రికార్డులు. గంతులు లేవు, డ్యాన్సులు లేవు, వేదిక మీద అటూ ఇటూ నడుస్తాడు, అంతే. పక్కన ఒక తోడుగాడు ఉంటాడు, ప్రతి లైను చివరి మాట వాడు కూడా అరుస్తాడు. అసలు గొప్పతనం ఎక్కడంటే, మంచి పట్టులో పాటగాడు చివరి మాట అనకుండా మైకును జనం వైపు తిప్పుతాడు. ఆ మాట జనం అంటారు. అన్ని వేలమంది నోళ్లలోంచి ఒక్క మాట! నేను ఆ ముక్క చూసిన ప్రతిసారీ నా చేతిలోని స్క్రూడ్రైవర్ దానంతటదే అవతలి వైపు తిరిగేది. మా బాపు ఒకసారి నా వెనక నిలబడి చూసి, "గీయన పాడుతుండా, ఎవనితోనన్న పంచాయితీ పెట్టుకుంటుండా?" అన్నాడు. ఇంకాసేపు చూసి, "గా పక్కపొంటి ఒర్రెటోనికి కూలి గిట్ల ఇస్తరా?" అని అడిగాడు.

ఇక నాకూ ఒక పేరు కావాలి కదా. మా పొలాలకు నీళ్లిచ్చే మూసీని తలచుకుని "మూసీ టైగర్" అని పెట్టుకున్నాను. ("మూసీల టైగర్ ఏడిదిరా, పందులుంటయ్" అన్నాడు బాపు.) ఊళ్లో కుర్రాళ్లంతా కాళ్లకు అతుక్కునే ప్యాంట్లు తొడిగే రోజుల్లో నేను టైలర్ దగ్గరకు పోయి, మనిషి మనిషే దూరేంత లూజు ప్యాంటు కుట్టమన్నాను. ఆయన టేపు మెడలో వేసుకుని నన్ను చాలాసేపు చూసి, "ఇది నీకా, మీ నాయినకా? లేకుంటే ఇద్దరికి కలిపా?" అన్నాడు. అదే ప్యాంటు, జాతరలో కొన్న లావుపాటి గొలుసు, నల్ల కళ్లద్దాలు తగిలించుకుని సైకిల్ మోటర్ మీద ఊళ్లో తిరిగేవాడిని. ఒక్క స్టేజీ దొరికితే చాలు అనుకునేవాడిని. దొరికింది. అది నా పెండ్లే.

కట్టంగూరు దగ్గర సంబంధం కుదిరింది. పిల్ల డిగ్రీ చదివింది, మాట తక్కువ, చూపు ఎక్కువ. నిశ్చితార్థం అయ్యాక నేను ఫోన్‌లో నా పాటలు వినిపిస్తే ఓపికగా చివరిదాకా విని, "మంచిగనే ఉంది, కానీ ఆయనకు గంత కోపం ఎందుకు?" అని అడిగింది. నేను అరగంట వివరించాను. అవతల ఆమె బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

మా దిక్కు పెండ్లిలో ఒక ఆచారం ఉంది. కొత్త జంట అత్తగారింటి గడప దగ్గరకు రాగానే ఆడబిడ్డ తలుపుకు అడ్డం నిలబడుతుంది. పెండ్లికూతురు మొగని పేరు, పెండ్లికొడుకు పెండ్లాం పేరు పదిమందిలో చెప్తేగాని లోపలికి రానివ్వదు. పెండ్లయిన తెల్లారి నుంచి మొగడు పెండ్లాన్ని "ఏయ్" అనీ, పెండ్లాం మొగణ్ని "ఇగో" అనీ పిలుచుకునే దేశంలో, పేరు పెట్టి పలకడానికి ఇచ్చే ఒక్కగానొక్క అవకాశం అది. పాతకాలం ఆడవాళ్లు చక్కగా పాట కట్టి చెప్పేవారు. ఇప్పటి పెండ్లికొడుకులు మెడ వంచి గొణిగేసి లోపలికి ఉరుకుతారు. నాకు మాత్రం అందులో న్యూయార్కు కనిపించింది. గడప అంటే స్టేజీ. జనం ఉంటారు. పేరు చెప్పడమే అక్కడి పని. ఆ సంగీతమంతా పేరు చెప్పుకోవడమే కదా! నెల రోజులు వైండింగ్ షాపులో సాధన చేశాను. రీమిక్స్ తోడుగాడు. ప్రతి లైను చివరి మాట వాడు అరవాలి. ఆఖరి లైనులో నేను ఆగి మైకు వాడివైపు తిప్పుతాను, అప్పుడు వాడు పెండ్లికూతురు పేరు అరవాలి, వాడితో పాటు జనమంతా అరుస్తారు. సాధన చేసేటప్పుడు ఆ ఒక్క చోట వాడు ప్రతిసారీ "సమజైంది భయ్" అని తల ఊపి వదిలేసేవాడు. నేను కూడా వదిలేశాను.

పెండ్లి కట్టంగూరు రోడ్డు మీది ఫంక్షన్ హాల్లో పగటిపూట జరిగింది. తాళి కట్టాను, తలంబ్రాలు పోశాను, భోజనానికి కూర్చున్నాను. బగార అన్నం, మటన్. మా వంతు వచ్చేసరికి కూరలో ముక్కలు తగ్గి పులుసు ఎక్కువైంది. మా బావలు పక్కన కూర్చుని గరిటెతో దేవుతూ గుసగుసలు. నాకు అక్కడే పాపపు ఆలోచన పుట్టింది. ఆ సంగీతంలో ఎదుటి పక్షాన్ని ఎకసెక్కం చేయకపోతే వాడు పాటగాడే కాదు. పైగా అప్పటికప్పుడు కట్టి చెప్పడం అన్నిటికంటే గొప్ప. ఎదుటి పక్షం ఎవరు? ఆడపిల్లవాళ్లు! (నాకు పిల్లనిచ్చి, కాళ్లు కడిగి, కొత్త బట్టలు పెట్టిన మనుషులు. ఎదుటి పక్షమట.)

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే మా గల్లీలోకి బరాత్ వచ్చింది. డీసీఎం వ్యాను మీద రీమిక్స్ స్పీకర్ డబ్బాలు, ముందు మా ఊరి జనం, వెనక కట్టంగూరు నుంచి పెండ్లికూతురికి తోడు వచ్చిన చెల్లెలు, నలుగురైదుగురు చుట్టాలు. గడప మీద మా అక్క చేతులు చాపి నిలబడింది. "ఆగు తమ్మీ! పేరు చెప్పు, లోపలికి రా." నేను బాసింగం సవరించుకుని, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, వెనక్కి చేయి చాపాను. రీమిక్స్ మైకు అందించాడు. "ఇదేందిరా?" అన్నది అక్క. చిటపట చప్పుడు మొదలైంది. దరువు పడింది. నేను అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాను. నాతో పాటు కొంగుముడి ఉంది కనక, పాపం పెండ్లికూతురు కూడా అటూ ఇటూ నడిచింది.

"మూసీ టైగర్ వచ్చిండు, మైకు పట్టి నిలిచిండు,
కాలిపోయిన మోటర్లకు పానం పోసి లేపిండు,
రామన్నపేట గల్లి గల్లి నా పేరే మోగాలె,
బాయికాడ కరెంటొస్తే నా మోటరే తిరగాలె!"

"తిరగాలె!" అని రీమిక్స్. జనం ఈలలు. ఫోన్లన్నీ లేచాయి. నా ఒంట్లోకి ఏదో వచ్చింది.

"కట్టంగూరు పోయినం, కడుపునిండ తిందమని,
బగార మస్తుగుంది మరి ముక్కలేడ ఉన్నయని,
గరిటె పెట్టి దేవితే గంగ పారి వచ్చింది,
మేక ఈత కొట్టుకుంట అవతలికి పోయింది!"

మా బావలు కిందపడి నవ్వారు. నేను ఆ నవ్వే చూశాను. నా పక్కన ఏం జరిగిందో చూడలేదు. కొంగుముడి ఒక్కసారి బిగుసుకున్నట్టు అనిపించింది, అంతే. ఇక ఆఖరి పట్టు. నేను కలలుగన్న పట్టు.

"పక్కకొచ్చి నిలిచింది, పట్నమోలె మెరిసింది,
పదిమందిల చెప్తున్న, నా పెండ్లాం పేరు..."

ఆగాను. మైకు రీమిక్స్ వైపు తిప్పాను. వాడు గుండెల నిండా గాలి పీల్చి, మండలమంతా వినబడేలా అరిచాడు.

"వదినె!"

ఒక్క క్షణం దరువు తప్ప ఏమీ వినబడలేదు. తర్వాత గల్లీ గల్లీ కూలిపోయినట్టు నవ్వు. పిల్లలు "వదినె! వదినె!" అని అందుకున్నారు. నా పెండ్లాం నాకు వదినె అయింది, అదీ నా మైకులోనే, నా దరువు మీదే. నేను వాడి దగ్గరకు వంగి, "పేరు చెప్పమంటి కదరా!" అన్నాను. వాడు నిజంగానే బాధపడుతూ, "వదినె పేరు నేనెట్ల పెట్టి పిలుస్త భయ్? పెద్దోళ్లుండ్రు. తమీజ్ ఉండొద్దా?" అన్నాడు. వాడి తప్పు లేదు. మా దగ్గర దోస్తు పెండ్లాన్ని పేరు పెట్టి పిలిచే మగవాడు ఇంకా పుట్టలేదు. అది నాకు తెలియనిదా? తెలుసు. ఆ నెల రోజులు నేను రామన్నపేటలో లేను, అంతే.

ఇంకా పేరు చెప్పలేదు కనక అక్క అడ్డం తీయలేదు. నేను చెప్పబోయాను, నవ్వుల్లో ఎవరికీ వినబడలేదు. అప్పుడు పెండ్లికూతురు తల ఎత్తింది. చిన్న గొంతుతో, తొణకకుండా, వాళ్ల అవ్వ నేర్పినట్టుంది, ఇలా అన్నది: "ఇత్తడి బిందెల నీళ్లు ముంచిన, ఇంటి ముంగట ముగ్గు వెట్టిన..." తర్వాత నా పేరు చెప్పి, "పేరు చెప్పి గడప దాటిన" అన్నది. (నా పేరు ఇక్కడ అక్కర్లేదు. నేను ఆ రోజు దాన్ని చాలాసార్లు చెప్పుకున్నాను.) గల్లీ సద్దుమణిగింది. అక్క మెల్లగా పక్కకు జరిగింది. ఆమె బియ్యపు కొలపాత్రను కాలితో తాకి లోపలికి వెళ్లింది. కొంగుముడి ఉంది కనక నేనూ వెనకే వెళ్లాను.

ఎన్నడూ నిలవని ఇంటర్నెట్ ఆ రోజే మా గల్లీలో నిలిచింది, మేం గడప దాటేలోపే మరదలు తీసిన వీడియో కట్టంగూరు చేరింది. పందిట్లో కుర్చీలు మడిచేటప్పుడు బాపు నన్ను పశువుల కొట్టం దగ్గరకు పిలిచాడు. మా బాపు గట్టిగా తిట్టే మనిషి కాదు. "మనం రెండు బండ్లల్ల వస్తమని చెప్పినం. ఎన్ని బండ్లల్ల పోయినం?" అన్నాడు. "మనం పోయి పోయి వాళ్ల మీద పడితిమి. ఉన్నదాంట్ల నీళ్లు పొయ్యక ఆయన ఏం పోస్తడు? మన ఇజ్జత్ కాపాడిండు గాయన. నువ్వు మైకుల ఆయన ఇజ్జత్ తీస్తివి." తర్వాత నా మొహం వైపు వేలు చూపి, "గా అద్దాలు తియ్యి ముందుగాల" అన్నాడు. అప్పటికి చీకటి పడుతోంది. అద్దాలు ఇంకా నా కళ్లకే ఉన్నాయి.

తెల్లవారి ఆమె చాయ్ తెచ్చి ముందు పెట్టింది. "నా పేరు ఎర్కేనా నీకు?" అని అడిగింది. చెప్పాను. "మరి నిన్న అన్ని చెప్పినవు, గదొక్కటే చెప్పకపోతివి." దోస్తు మీద పెట్టబోయాను. వినలేదు. "గా మైకు నీ చేతిల ఉండె. ఆయన చేతిల లేకుండె" అన్నది. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ, "మా నాయిన మేకకు ఈతొస్తదని నాకు ఇన్నేండ్లు తెల్వనే లేదు" అన్నది. నవ్వుతుందేమోనని ఆశగా చూశాను. నవ్వలేదు. నేను చల్లారిన చాయ్ తాగాను.

పదహారు రోజుల పండుగకు అత్తగారింటికి పోవాలి. బస్సులో పోయినంత సేపూ బ్రేకు ఫెయిలైతే బాగుండు అనుకున్నాను. మా మామ బత్తాయి తోట మనిషి, పెద్దగా మాట్లాడడు. ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చాడు, మంచం వాల్చాడు, పంట గురించి, మోటర్ల గురించి అడిగాడు. వీడియో మాట ఎత్తలేదు. మధ్యాహ్నం అరిటాకు ముందు కూర్చోబెట్టి తానే గరిటె పట్టాడు. మటన్. చుక్క పులుసు లేదు, అన్నీ ముక్కలే. ముక్క మీద ముక్క, మూలుగ బొక్క మీద మూలుగ బొక్క. చాలు మామా అన్నాను. ఇంకో గరిటె. చాలు అన్నాను. ఇంకో గరిటె. ఆకులో అన్నం కనబడకుండా పోయింది. నేను తల ఎత్తేసరికి ఆయన మీసం కింద కొంచెం కదలిక. "తిను అల్లుడా, ఫికర్ చెయ్యకు. ఈ మేకకు ఈత రాదు" అన్నాడు. వంటింట్లో అత్తమ్మ, మరదలు, నా పెండ్లాం, ముగ్గురూ ఒక్కసారే నవ్వారు. పెండ్లయ్యాక ఆమె నవ్వు వినడం అదే మొదలు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక ఒక మూలుగ బొక్క తీసుకుని జుర్రుతూ కూర్చున్నాను. ఆ సిగ్గు రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. మటన్ మాత్రం మస్తుగా ఉంది.

మామ అలా తేల్చేశాడు కానీ ఊరు తేల్చలేదు. రీమిక్స్ ఆ సాయంత్రం మైకులో పలికిందంతా తన డీజే మిషన్‌లో రికార్డు చేసుకున్నాడు. నెల తిరక్కుండా వాడు అందులోంచి వాడి అరుపునే ఒక ముక్క కోసి, తిప్పి తిప్పి, తీన్‌మార్ దరువుకు అంటు కట్టాడు. "వదినె! వదినె! వ-వ-వ-వదినె!" అదేమని అడిగితే, "నువ్వే నేర్పినవు కద భయ్, పాత ముక్క కోసి కొత్త పాట చేసుడు" అన్నాడు గర్వంగా. నిజమే, నేనే నేర్పాను. ఆ ఏడు మా మండలంలో ఏ బరాత్ పోయినా అదే మోగింది. పడమటి తీరం గెలిచింది.

దాంతో ఇంకో నష్టం జరిగింది, అది మొదట నాకు అర్థం కాలేదు. ఊరు మొత్తం నా పెండ్లాన్ని వదినె అనడం మొదలుపెట్టింది. నాకంటే చిన్నవాళ్లు అంటే సరే. కిరాణం సేటు, పాలకేంద్రం తాత, మా పెద్దనాయిన, ఆఖరికి మా అమ్మ కూడా నాతోనే, "మీ వదినెను పిలువురా, బియ్యం ఏరాలె" అనేది. ఆమె విసుక్కోలేదు. పిలిస్తే పలికేది. ఒకరోజు ఎవరో కొరియర్ కుర్రాడు ఆమె పేరు చెప్పి గల్లీలో ఇల్లు అడిగితే, "గా పేరుగల్లోళ్లు ఈ గల్లీల ఎవలు లేరు" అని మా పక్కింటివాళ్లే పంపేశారు. ఆ రాత్రి అన్నం పెడుతూ ఆమె ఆ సంగతి మామూలుగానే చెప్పింది. తన పేరు, గల్లీ పేరు ధైర్యంగా చెప్పుకునేవాళ్లను చూసి మురిసిపోయిన మనిషిని నేను. ఇంట్లో ఒక మనిషి పేరు ఊరి నోట్లోంచి పోగొట్టింది కూడా నేనే. ఆ తర్వాత నేను మైకు పట్టలేదు.

పాటలు మాత్రం వదల్లేదు. మెమరీ కార్డు పోయింది, ఫోన్లు మారాయి, ఇప్పుడు వేలు పెడితే అన్నీ వస్తున్నాయి. షాపులో ఇప్పటికీ ఆ చిటపట చప్పుడుతోనే తీగ చుడతాను. మధ్యాహ్నం ఆమె సద్ది తెచ్చినప్పుడు కాసేపు కూర్చుని వింటుంది. ఈ మధ్య ఒకరోజు, "గీయన జర ఎన్కకొచ్చి దరువు పట్టుకుంటడు చూడు, మంచిగ పట్టుకుంటడు" అన్నది. నేను చుట్టే తీగ ఆపి ఆమె వైపు చూశాను. "గట్ల చూడకు. రోజూ వింటలేనా?" అన్నది.

పోయిన ఎండాకాలం పాత ఇల్లు పక్కనే రెండు గదులు వేసుకున్నాం. గృహప్రవేశానికి మా అక్క మళ్లీ గడప మీద చేతులు చాపి నిలబడింది. జుట్టు నెరిసింది కానీ ఆ నిలబడటం అదే. "పేరు చెప్పు తమ్మీ, లోపలికి రా." జనంలో అప్పుడే కిసుకిసలు. రీమిక్స్ తన పిల్లల్ని ఎత్తుకుని వెనక గోడకు ఆనుకుని నిలబడి, నాకు కనబడేలా నోటి మీద వేలు పెట్టుకున్నాడు. నేను ఆ రోజు వేసుకున్నది ఏ ప్యాంటో తెలుసా? ట్రంకు పెట్టెలోంచి తీసిన ఆ లూజు ప్యాంటే. ఇప్పుడది నాకు కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. దరువు లేదు, ప్రాస లేదు. గొంతు సవరించుకుని, గల్లీ చివరిదాకా వినబడేలా చెప్పాను.

"నా పెండ్లాం పేరు నవనీత."

ఎవరూ నవ్వలేదు. ఇంకేదో వస్తుందని చూస్తున్నారు. ఏమీ రాలేదు. అప్పుడు ముందు వరసలో కుర్చీలో కూర్చున్న ఎదురింటి అవ్వ, మా పెండ్లినాడు అక్కడే కూర్చున్న అవ్వ, చెవి దగ్గర చేయి పెట్టుకుని, "గామె ఎవలు బిడ్డా?" అని అడిగింది.

నా పక్కనుంచి, బడిలో హాజరు పలికినట్టు, గాజుల చేయి ఒకటి పైకి లేచింది. "నేనే అవ్వా."

అవ్వ ఆమెను కిందినుంచి పైదాకా చూసి, సంతోషంగా తల ఊపింది. "మంచిగుంది వదినె, ఈ పేరు. కొత్తగ పెట్టుకున్నవా?"